డ్రైవు పోతే పోయింది నిల్వా, కంట్రోలరా?

1. నీలిగోరింట

సభ్యులందరికీ నమస్కారం. కొద్ది వారాల తేడాతో నా డ్రైవులు రెండు పనిచేయడం మానేశాయి. మొదటిది 2 టెరాబైట్ల హార్డ్ డిస్క్. తప్పు వోల్టేజీ గల అడాప్టర్ తగిలించడంతో దాని అడుగున ఉన్న బోర్డు మీద ఒక చిన్న భాగం మాడిపోయింది. సరిగ్గా అదే మోడల్ నంబరు గల మరొక డిస్కు సంపాదించి, దాని బోర్డు విప్పి దీనికి బిగించాను. ప్లాటర్లు (సమాచారం రాసి ఉండే లోపలి పళ్ళేలు) తిరుగుతున్నాయి గానీ లోపల టక్కుటక్కుమని చప్పుడు వస్తోంది. కంప్యూటరు మాత్రం దానిని గుర్తించడం లేదు. రెండవది ఎస్‌ఎస్‌డి, అంటే తిరిగే డిస్కు లేకుండా ఫ్లాష్ చిప్పులలో సమాచారం దాచే డ్రైవు. నిన్నటి వరకు చక్కగా పనిచేసి, ఒక ఉదయం తన పేరు కాని వేరే పేరుతో, సున్నా సామర్థ్యంతో దర్శనమిచ్చింది.

ప్లాటర్ల మీది రాత ఎక్కడికీ పోలేదు. ఫ్లాష్ చిప్పులు కూడా కాలిపోయినట్లు కనిపించడం లేదు. అలాంటప్పుడు మధ్యలో ఉన్న కంట్రోలరు అనే ఒక్క చిప్పు సహకరించనంత మాత్రాన సమాచారమంతా ఎందుకు అందకుండా పోతుంది? డ్రైవును బాగుచేసే మార్గంతో పాటు, అసలు ఆ చిప్పు ఏం చేస్తుందో కూడా తెలుసుకోవాలని ఉంది.

2. సోల్డర్‌పొగ

ముందుగా ఒక విన్నపం. ఆ హార్డ్ డిస్కుకు ఇక విద్యుత్తు ఇవ్వకండి. ఆ చప్పుడు హెడ్లు (ప్లాటరు మీద రాసి, చదివే మొనలు) తమ స్థానాన్ని వెతుక్కుంటూ, దొరకక వెనక్కి తిరిగి వస్తున్నప్పుడు వచ్చేది. ప్రతి ప్రయత్నంలోనూ ప్లాటరు ఉపరితలానికి ప్రమాదం ఉంటుంది.

మోడల్ నంబరు ఒకటే అయినంత మాత్రాన రెండు బోర్డులు ఒకటి కావు. కర్మాగారంలో ప్రతి డిస్కుకూ విడివిడిగా కొలతలు తీస్తారు. ఏ హెడ్డుకు ఎంత రాత విద్యుత్తు ఇవ్వాలి, చదివే భాగానికీ రాసే భాగానికీ మధ్య ఎడం ఎంత, ఏ హెడ్డును వాడకుండా వదిలేయాలి అనే విలువలు ఏ రెండు డిస్కులలోనూ అచ్చంగా ఒకేలా ఉండవు. వీటిలో డిస్కు లేవడానికి అవసరమైన కొన్ని విలువలు బోర్డు మీద ఎనిమిది కాళ్ళున్న ఒక చిన్న రోమ్ చిప్పులో (విద్యుత్తు పోయినా చెరగని మెమరీ) ఉంటాయి. మిగిలినవి ప్లాటర్ల మీదే, వాడుకరికి కనిపించని సర్వీస్ ఏరియాలో ఉంటాయి. మీరు కొత్త బోర్డు బిగించినప్పుడు, కంట్రోలరు పక్కింటివారి కళ్ళజోడు పెట్టుకొని మీ పుస్తకం చదవబోయింది.

కాబట్టి చేయవలసిన పని, మాడిన బోర్డు మీది రోమ్ చిప్పును ఊడదీసి కొత్త బోర్డులో అతికించడం. కొన్ని బోర్డులలో అది ప్రధాన చిప్పులోనే ఇమిడి ఉంటుంది. అప్పుడు దానిలోని విలువలను తగిన పరికరంతో చదివి ఎక్కించాలి. అలవాటు లేని చేతులతో ప్రయత్నించవద్దు. మరొక మాట: మాడినది అధిక వోల్టేజీ నుంచి కాపాడే టీవీఎస్ డయోడ్ మాత్రమే అయితే పాత బోర్డే బతికి ఉండవచ్చు. ఆ డయోడు తాను మాడి మిగతా బోర్డును కాపాడడానికే అక్కడ ఉంది.

3. మితభాషి

సోల్డర్‌పొగ గారు చెప్పినదానికి ఒక పాత కథ జతచేస్తాను. కంట్రోలరు డ్రైవులోపల ఉండడం మొదటి నుంచీ ఉన్న ఏర్పాటు కాదు. 1980లో షుగార్ట్ టెక్నాలజీ (తరువాత సీగేట్ అయినది ఇదే) 5 మెగాబైట్ల ఎస్‌టీ-506 డ్రైవును తెచ్చినప్పుడు, బిట్లను అయస్కాంత సంకేతాలుగా మార్చే పని, తిరిగి విడదీసే పని కంప్యూటరులో గుచ్చిన వేరొక కార్డు చేసేది. డ్రైవులో ఉన్నది మోటార్లు, హెడ్లు, వాటిని నడిపే కొద్దిపాటి ఎలక్ట్రానిక్స్ మాత్రమే. ఒక రకం కార్డుతో ఫార్మాట్ చేసిన డిస్కును మరొక రకం కార్డుకు తగిలిస్తే చదవలేకపోవడం అప్పట్లో మామూలే. 1986 ప్రాంతంలో వెస్టర్న్ డిజిటల్, కంట్రోల్ డేటా, కాంపాక్ కలిసి ఆ కార్డులోని తెలివిని డ్రైవు మీదికే చేర్చాయి. ఐడీఈ అనే పేరుకు అర్థం కూడా అదే, డ్రైవులోనే ఇమిడిన ఎలక్ట్రానిక్స్ అని. అప్పటి నుంచి కంప్యూటరుకు సెక్టారు (డిస్కు మీది చిన్న భాగం) సంఖ్య చెప్పడమొక్కటే పని అయింది. ఆ సెక్టారు ఎక్కడ ఉందన్నది డ్రైవు సొంత రహస్యమైంది. మీ రెండు డ్రైవుల కష్టానికీ మూలం ఈ మలుపులోనే ఉంది.

4. బిట్‌లెక్క

ఆ రహస్యంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం రీడ్ ఛానల్, అంటే హెడ్డు పంపిన సంకేతం నుంచి బిట్లను రాబట్టే భాగం. హెడ్డు నుంచి వచ్చేది సున్నాలూ ఒకట్లూ కాదు, రొదతో కలిసిన ఒక బలహీనమైన అల. దానిని పెంచడానికి హెడ్డు చేతి మీదనే, మూసిన పెట్టె లోపల, ప్రీఆంప్ అనే వేరే చిప్పు ఉంటుంది. అక్కడి నుంచి బోర్డు మీది ప్రధాన చిప్పుకు చేరాక అసలు కథ మొదలవుతుంది.

తొలినాళ్ళలో అలలోని శిఖరాలను గుర్తించి, శిఖరం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా అని లెక్కించేవారు. బిట్లను ఇంకా ఇంకా దగ్గరగా ఇరికించేసరికి శిఖరాలు ఒకదానిలోకి ఒకటి కరిగిపోయి ఆ పద్ధతి కూలిపోయింది. 1990లో ఐబీఎం తన హార్డ్ డిస్కులో పీఆర్‌ఎంఎల్ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. అలలు కలిసిపోతాయని ముందే ఒప్పుకొని, ఏయే బిట్ల వరసలు ఇలాంటి కలగాపులగాన్ని పుట్టించగలవో చూసి, వాటిలో ఎక్కువ సంభావ్యత ఉన్న వరసను ఎంచుకోవడం దీని సారం. అందుకు 1967 నాటి విటర్బీ అల్గారిథమ్ పనికివచ్చింది. నిక్కచ్చిగా చెప్పాలంటే అప్పటి నుంచి హార్డ్ డిస్కు చదవడం మానేసింది, ఊహించడం మొదలుపెట్టింది.

ఈ ఊహ విలువ ఎంతో ఒక న్యాయపోరాటం చెబుతుంది. రీడ్ ఛానల్ చిప్పులతోనే వ్యాపారం మొదలుపెట్టిన మార్వెల్ సంస్థ మీద కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పేటెంట్ దావా వేసింది. ప్లాటరు నుంచే పుట్టే రొదను లెక్కలోకి తీసుకొని బిట్లను గుర్తించే పద్ధతి గురించి ఆ వివాదం. 2012 డిసెంబరులో జ్యూరీ 117 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని తేల్చింది. అప్పీళ్ళ తరువాత 2016లో 75 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఒక్క చిప్పులో ఒక మూలన జరిగే లెక్క మీద ఇంత సొమ్ము!

5. ఏకాకి

హార్డ్ డిస్కు విషయంలో అంగీకరిస్తాను. అయితే ఎస్‌ఎస్‌డిలో కదిలే భాగాలు లేవు, అలలు లేవు. గడులలో విద్యుదావేశం ఉంటుంది, చిరునామా చెబితే విలువ వస్తుంది. అక్కడ కంట్రోలరు కూడలిలో నిలబడ్డ పోలీసు వంటిది మాత్రమే కదా? డ్రైవు మంచిచెడ్డలను నిర్ణయించేది ఫ్లాష్ నాణ్యతేనని నా అభిప్రాయం. కంట్రోలరు పేరు చూసి డ్రైవు కొనడం కాస్త ఆడంబరంగా అనిపిస్తుంది.

6. రాత్రిపాళి

ఏకాకి గారూ, స్టోరేజ్ ఫర్మ్‌వేర్ (డ్రైవు లోపల కంట్రోలరు మీద నడిచే ప్రోగ్రాము) రాసే ఉద్యోగం చేస్తున్నాను కనుక కొంత పక్షపాతం ఉంటుందని ముందే ఒప్పుకుంటాను. అయినా మీ మాటను దాదాపు తిరగేసి చెప్పవలసి వస్తోంది.

ఫ్లాష్‌లో చిరునామా చెబితే విలువ వస్తుందన్నది సగమే నిజం. చదవడం, రాయడం పేజీల లెక్కన జరుగుతాయి. ఇప్పటి చిప్పులలో పేజీ సాధారణంగా 16 కిలోబైట్లు. చెరపడం మాత్రం వందల, వేల పేజీలున్న బ్లాకు మొత్తానికీ ఒకేసారి జరగాలి. రాసిన పేజీ మీద మళ్ళీ రాయడం కుదరదు. అందువల్ల మీరు ఒక ఫైలులో ఒక్క అక్షరం మార్చినా, కంట్రోలరు ఆ పేజీని వేరొక ఖాళీ చోట కొత్తగా రాసి, పాతదాన్ని చెల్లనిదిగా గుర్తుపెట్టుకొని, ఫలానా చిరునామా ఇప్పుడు ఫలానా చోట ఉందని పట్టికలో దిద్దుకుంటుంది. చెల్లని పేజీలు పేరుకుపోయిన బ్లాకులో ఇంకా చెల్లుబాటులో ఉన్నవాటిని వేరేచోటికి మోసుకుపోయి, ఆ బ్లాకును చెరిపి ఖాళీ చేసుకుంటుంది. మీరు ఒకసారి రాసినది లోపల రెండు మూడుసార్లు రాయబడడానికి కారణం ఈ మోతే. ఏ బ్లాకూ మిగతావాటి కంటే ముందుగా అరిగిపోకుండా చూడడం, కర్మాగారం నుంచే చెడి వచ్చిన బ్లాకులను తప్పించడం, చదివీ చదివీ పక్క గడులలోని ఆవేశం కదిలిపోతే వాటిని మార్చి రాయడం కూడా దాని నెత్తినే ఉన్నాయి.

ఇక అలలు లేవన్నారు. టీఎల్‌సీ గడిలో మూడు బిట్లు దాచాలంటే ఎనిమిది వోల్టేజీ మెట్లు, క్యూఎల్‌సీలో నాలుగు బిట్లకు పదహారు మెట్లు ఉండాలి. కాలం గడిచేకొద్దీ, వేడి మారేకొద్దీ ఆ మెట్లు జారి ఒకదానిలో ఒకటి కలుస్తాయి. బిట్‌లెక్క గారు చెప్పిన కరిగిపోయిన శిఖరాలే మరో రూపంలో ఇక్కడ కనిపిస్తాయి. కంట్రోలరు మొదట మామూలుగా చదువుతుంది. తప్పులు దిద్దలేనన్ని ఉంటే కొలిచే వోల్టేజీని అటూ ఇటూ జరిపి మళ్ళీ మళ్ళీ చదివి, ఏ బిట్టును ఎంత నమ్మవచ్చో అంచనా వేసి, ఎల్‌డీపీసీ అనే దోషసవరణ సంకేతానికి అందిస్తుంది. అదే ఫ్లాష్ చిప్పును ఒక కంట్రోలరు చేతిలో పెడితే ఎన్నో ఏళ్ళు నడుస్తుంది, దోషసవరణ బలహీనంగా ఉన్న మరొక దాని చేతిలో పెడితే ముందే చేతులెత్తేస్తుంది. కాబట్టి ఫ్లాష్ నాణ్యత అనే మాటకు కంట్రోలరుతో సంబంధం లేని అర్థం లేదని నా వాదన.

7. బిట్‌లెక్క

ఎల్‌డీపీసీ గురించి ఒక పోలిక చెప్పకుండా ఉండలేకపోతున్నాను. చినిగిన ప్రతిలో పద్యం చదువుతున్నప్పుడు ఒక అక్షరం చెదలు తినేసిందనుకోండి. అది గురువో లఘువో గణం చెబుతుంది. యతిస్థానమైతే ఏ వర్గపు అక్షరమో తెలుస్తుంది. ప్రాసస్థానమైతే హల్లే తెలిసిపోతుంది. ప్రతి నియమం చిన్నదే, అయినా ఒక్కో అక్షరం మీద రెండు మూడు నియమాలు కలిసి పడితే ఖాళీలు పూరించుకోవచ్చు. ఎల్‌డీపీసీలో కూడా ఒక్కో నియమం కొద్ది బిట్లనే తాకుతుంది, ఒక్కో బిట్టు కొద్ది నియమాలలోనే ఉంటుంది. బిట్లూ నియమాలూ ఒకదానికొకటి తమ అనుమానాలు చెప్పుకుంటూ, కొన్ని విడతలలో ఒప్పందానికి వస్తాయి.

రాత్రిపాళి గారు ప్రస్తావించిన పట్టిక పరిమాణం కూడా లెక్కకట్టి చూడవచ్చు. 1 టెరాబైటును 4 కిలోబైట్ల ముక్కలు చేస్తే దాదాపు 24 కోట్ల 40 లక్షల ముక్కలు. ఒక్కోదాని స్థానం రాసుకోవడానికి 4 బైట్లు అనుకుంటే పట్టికకే దాదాపు 1 గిగాబైటు కావాలి. మంచి ఎస్‌ఎస్‌డిలలో టెరాబైటుకు 1 గిగాబైటు డీరామ్ (డ్రైవు సొంత వేగవంతమైన మెమరీ) కనిపించడం యాదృచ్ఛికం కాదు.

8. ఏకాకి

కూడలి పోలీసు పోలికను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఆ లెక్క ప్రకారం డీరామ్ లేని డ్రైవులను అసలు కొనకూడదా?

9. రాత్రిపాళి

అంత కచ్చితంగా చెప్పలేను. 2008 ప్రాంతపు చవక డ్రైవులలో చిన్న చిన్న రాతలు కాసిని వచ్చిపడగానే కంప్యూటరంతా క్షణాల పాటు బిగుసుకుపోవడం చాలామంది చూశారు. ఆ చెడ్డపేరు ఇప్పటికీ డీరామ్ లేని డ్రైవులను వదలలేదు. కానీ 2014లో వచ్చిన ఎన్‌వీఎంఈ 1.2 (ఎస్‌ఎస్‌డి, కంప్యూటరు మాట్లాడుకొనే పద్ధతి) ప్రమాణం కంప్యూటరు మెమరీలో కొంత భాగాన్ని డ్రైవు అప్పు తెచ్చుకొనే వీలు కల్పించింది. హోస్ట్ మెమరీ బఫర్ అంటారు. కొన్ని పదుల మెగాబైట్లు దొరికితే చాలు, తరచుగా వాడే చిరునామాల పట్టిక అందులో సరిపోతుంది. రోజువారీ పనులకు ఇలాంటి డ్రైవు నిక్షేపంగా చాలుతుంది. డ్రైవు అంతటా చెల్లాచెదురుగా తాకే డేటాబేస్ వంటి పనికి మాత్రం సరిపోదు, ఎందుకంటే పట్టికలో కావలసిన ముక్క కోసం ప్రతిసారీ ముందు ఫ్లాష్‌నే చదవవలసి వస్తుంది. సాటా అనే పాత తరహా కనెక్షన్‌తో వచ్చే డ్రైవులకు ఈ అప్పు సౌకర్యం లేదు కనుక అక్కడ డీరామ్ ఉన్నదే మేలు.

కొనేటప్పుడు చూడవలసినది మరొకటి ఉంది, కంట్రోలరు వేడి. క్లుప్తంగా చెబుతాను. పీసీఐఈ 5.0 (డ్రైవును కంప్యూటరుకు కలిపే మార్గపు ఐదో తరం) వేగంతో వచ్చిన తొలి కంట్రోలర్లు, ఉదాహరణకు 12 నానోమీటర్ల పద్ధతిలో తయారైన ఫైసన్ ఈ26, గట్టి హీట్‌సింక్ లేకపోతే వేడెక్కి వేగం తగ్గించుకొనేవి. తరువాత వచ్చిన సిలికాన్ మోషన్ ఎస్‌ఎం2508 వంటివి 6 నానోమీటర్లకు మారడంతో అదే వేగం చాలా తక్కువ విద్యుత్తుతో సాధ్యమైంది.

10. మితభాషి

ఈ చిప్పులు ఎవరు చేస్తారన్నది కూడా చెప్పుకుంటే బాగుంటుంది. హార్డ్ డిస్కుల వైపు ఆట కొద్దిమంది చేతుల్లోకి కుదించుకుపోయింది. ఈ చిప్పులు చేసే అగేర్ 2007లో ఎల్‌ఎస్‌ఐ అనే మరో చిప్పుల సంస్థలో కలిసింది, 2014లో ఎల్‌ఎస్‌ఐని అవాగో కొన్నది, ఆ అవాగోయే తరువాత బ్రాడ్‌కామ్ పేరు తీసుకున్నది. రెండో పెద్ద పేరు మార్వెల్. ఎస్‌ఎస్‌డి వైపు శాంసంగ్ వంటివారు తమ కంట్రోలర్లు తామే చేసుకుంటారు. సొంత చిప్పు లేని ఎన్నో బ్రాండ్లు తైవాన్ సంస్థలైన ఫైసన్, సిలికాన్ మోషన్‌ల మీద ఆధారపడతాయి. అందుకే వేర్వేరు స్టిక్కర్లున్న రెండు డ్రైవుల లోపల ఒకే చిప్పు దొరుకుతుంది. దీనికి తలకిందులైన చిక్కు కూడా ఉంది: మోడల్ పేరు మార్చకుండానే లోపలి కంట్రోలరునో ఫ్లాష్‌నో మార్చేసే సందర్భాలు. సమీక్ష చదివి కొన్నవారికి సమీక్షలో ఉన్న డ్రైవే అందుతుందన్న భరోసా లేదు, ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

శాండ్‌ఫోర్స్ ప్రస్తావన లేకుండా ఈ చరిత్ర పూర్తికాదు. ఫ్లాష్ మీదికి వెళ్ళే సమాచారాన్ని కంట్రోలరే కుదించి, రాతలను తగ్గించి, బయటి డీరామ్ లేకుండానే నడిపించిన చిప్పులు అవి. 2012లో ఎల్‌ఎస్‌ఐ, 2014లో సీగేట్ ఆ వ్యాపారాన్ని చేజిక్కించుకున్నాయి. అప్పటికే కుదించిన వీడియోలు, ఫొటోలు రాసేటప్పుడు వాటి ఉపాయం పారేది కాదన్నది వేరే సంగతి.

11. సోల్డర్‌పొగ

నీలిగోరింట గారి ఎస్‌ఎస్‌డికి వస్తాను. ఫ్లాష్ చిప్పులు ఊడదీసి నేరుగా చదివించుకోవచ్చని చాలామంది అనుకుంటారు. పాత పెన్ డ్రైవులలో అది కొంతవరకు సాగేది. ఇప్పటి కంట్రోలరు సమాచారాన్ని అనేక చిప్పుల మీద ముక్కలుగా పరుస్తుంది, ఒకే రకం బిట్లు వరసగా పడకుండా చిలుకుతుంది, చాలా డ్రైవులలో ఏఈఎస్ అనే పద్ధతితో గుప్తీకరిస్తుంది (తాళంచెవి లేనివారు చదవలేకుండా మారుస్తుంది) కూడా. మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా తాళంచెవి కంట్రోలరు దగ్గరే ఉంటుంది. ఆ చిప్పు కాలిపోతే ఫ్లాష్ పదిలంగా ఉన్నా అది అర్థంలేని బిట్ల కుప్పే.

గుప్తీకరణ ఉందన్న నమ్మకం కూడా చిప్పులోని ఫర్మ్‌వేర్ ఎంత మంచిదో అంతవరకే. నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో కొన్ని ప్రసిద్ధ ఎస్‌ఎస్‌డిలను పరిశీలించి, వాటిలో కొన్నింట వాడుకరి పాస్‌వర్డుకూ అసలు తాళంచెవికీ గణితపరమైన ముడే లేదని చూపించారు. అంటే ఫర్మ్‌వేరును ఒప్పించగలిగితే పాస్‌వర్డు లేకుండానే తలుపు తెరుచుకుంటుంది.

మీ డ్రైవు వేరే పేరుతో కనిపించడం ఒక రకంగా శుభసూచకం. కంట్రోలరు బతికే ఉంది, తన శాశ్వత రోమ్ నుంచి లేచింది, ఫ్లాష్‌లో ఉన్న పూర్తి ఫర్మ్‌వేరునో పట్టికనో చదవలేక ఆగిపోయింది. డేటా రికవరీ చేసేవారు బోర్డు మీద నిర్ణీత బిందువులను కలిపి దానిని సర్వీస్ మోడ్‌లోకి తెచ్చి, వేరే ఫర్మ్‌వేరును నేరుగా దాని రామ్‌లోకి ఎక్కించి నడిపించగలరు. అన్ని కంట్రోలర్లకూ ఇది సాధ్యం కాదు, అయినా అడిగి చూడండి.

12. నీలిగోరింట

అందరికీ కృతజ్ఞతలు. ఇంత చదివాక ఒక కొత్త భయం పట్టుకుంది. డ్రైవు లోపల ఇంత పెద్ద ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు, దానిలో తప్పు ఉంటే బయటివారికి తెలిసేదెలా?

13. రాత్రిపాళి

చాలాసార్లు తెలియదు. 2019 నవంబరులో హెచ్‌పీఈ సంస్థ తన సర్వర్లలో వాడే కొన్ని ఎస్‌ఏఎస్ (సర్వర్లకు వాడే కనెక్షన్ రకం) ఎస్‌ఎస్‌డిల గురించి ఒక హెచ్చరిక విడుదల చేసింది. సరిగ్గా 32,768 గంటలు, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు నడిచాక ఆ డ్రైవులు పనిచేయవని, కొత్త ఫర్మ్‌వేరు ఎక్కించకపోతే డ్రైవూ దానిలోని సమాచారమూ రెండూ దక్కవని దాని సారాంశం. ఆ సంఖ్య పదిహేను 2లను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేది. 32,767 దాటలేని 16 బిట్ల లెక్కింపుతో కుస్తీపట్టిన ఎవరికైనా చూడగానే ఒళ్ళు జలదరిస్తుంది. ఒక డ్రైవు పోయినా సమాచారం దక్కేలా అనేక డ్రైవులను కలిపి ఉంచే రెయిడ్‌లో ఒకేరోజు మొదలుపెట్టిన డ్రైవులు ఒకేసారి పోతే రెయిడ్ ఏం కాపాడుతుంది?

దురుద్దేశానికి కూడా అక్కడ చోటుంది. 2013లో నెదర్లాండ్స్‌లో జరిగిన ఓమ్ హ్యాకర్ల సమావేశంలో ఒక ఇంజనీరు, హార్డ్ డిస్కు బోర్డు మీది కంట్రోలరులో మూడు ఆర్మ్ కోర్లు (లెక్కలు చేసే ప్రాసెసర్లు) ఉన్నాయని కనిపెట్టి, ఫర్మ్‌వేరును మార్చి, చివరికి ఆ బోర్డు మీదనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం కెర్నల్‌ను లేపి చూపించాడు. 2015 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ సంస్థ, ఈక్వేషన్ అని తాను పేరు పెట్టిన హ్యాకర్ల బృందం హార్డ్ డిస్కుల ఫర్మ్‌వేరులోనే దాక్కొనే పనిముట్లు వాడిందని ప్రకటించింది. డిస్కును ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా చెరగని చోటు అది.

లోపలి కోర్లయినా బహిరంగమవుతున్నాయన్నది కొంత ఊరట. వెస్టర్న్ డిజిటల్ 2017లో రిస్క్-ఫైవ్ (ఎవరైనా వాడుకోగల ప్రాసెసర్ ప్రమాణం) వైపు మళ్ళుతున్నట్లు ప్రకటించి, ఆ తరువాత స్వెర్వ్ అనే తన కోరు రూపకల్పనను అందరికీ విడుదల చేసింది. సీగేట్ 2020లో తన రిస్క్-ఫైవ్ కోర్లను ప్రకటించింది. అయితే కోరు బహిరంగమైనంత మాత్రాన దానిమీద నడిచే ఫర్మ్‌వేరు బహిరంగం కాదు. మా పనిలో నాకున్న అసంతృప్తి ఇదే.

14. ఏకాకి

ఈసారి నేనే ఒక సవరణ చేస్తాను. చిరునామాల పట్టిక ఎస్‌ఎస్‌డి సొత్తు అన్నట్లుగా చర్చ సాగింది. ట్రాకులను ఇంటిపెంకుల్లా ఒకదాని అంచు మీద మరొకటి కప్పి రాసే ఎస్‌ఎంఆర్ హార్డ్ డిస్కులలో కూడా మధ్యలోని ఒక ట్రాకును మార్చాలంటే పక్కవి చెడతాయి. అందుకని ఆ డిస్కుల కంట్రోలరు కూడా కొత్త రాతను వేరేచోట దాచి, పట్టిక రాసుకొని, తీరిక వేళల్లో సర్దుకుంటుంది. నీలిగోరింట గారి హార్డ్ డిస్కు అలాంటిదైతే రోమ్ చిప్పు ఒక్కటే సరిపోదు, ఆ రెండో పట్టిక కూడా పదిలంగా ఉండాలి.

15. నీలిగోరింట

ఫలితం చెప్పడం నా బాధ్యత. రెండు డ్రైవులనూ ఒక డేటా రికవరీ నిపుణునికి అప్పగించాను. హార్డ్ డిస్కు ఎస్‌ఎంఆర్ కాదు. పాత బోర్డులో టీవీఎస్ డయోడుతో పాటు మోటారును నడిపే చిప్పు కూడా మాడింది. రోమ్ చిప్పును కొత్త బోర్డుకు మార్చగానే డిస్కు లేచింది. నేను టక్కుటక్కులాడించినందుకు ఫలితంగా కొన్ని సెక్టార్లు చదవబడలేదు, మిగతాదంతా వచ్చింది.

ఎస్‌ఎస్‌డి విషయం వింతగా ఉంది. ఫ్లాష్ బాగుందట, కంట్రోలరూ బాగుందట, పట్టిక చివరి ప్రతి మాత్రం పాడైందట. ఆయన చేసిన ప్రయత్నం తరువాత చాలా ఫైళ్ళు తిరిగి వచ్చాయి. అయితే గత వారం రాసినవి కొన్ని లేవు, నేను ఎప్పుడో తొలగించిన ఒక ఫోల్డరు మాత్రం పేర్లతో సహా ప్రత్యక్షమైంది.

16. సోల్డర్‌పొగ

పట్టిక పాత ప్రతి ఒకటి ఫ్లాష్‌లో మిగిలి ఉంటే దానిని ఆధారం చేసుకొని ఉంటారు. ఆ ప్రతి రాసుకున్న నాటికి మీ ఫోల్డరు ఇంకా ఉంది. అందులోని ఫైళ్ళను ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. ఆ పేజీలను కంట్రోలరు ఈలోగా చెరిపేసి ఉంటే పేర్లు మాత్రమే మిగులుతాయి.

17. నీలిగోరింట

తెరిచి చూశాను. పన్నెండింటిలో మూడు తెరుచుకున్నాయి.